నీడను చూసి పట్టుకునే అయస్కాంతం: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

పైన ఒక కాయిల్ (కరెంటు పంపితే అయస్కాంతమయ్యే తీగ చుట్ట), కింద ఒక ఇనుప గుండు, మధ్యలో ఖాళీ. గుండు కింద పడకూడదు, కాయిల్‌కి అతుక్కోకూడదు. చేయబోయేది ఇంతే. దారం లేదు, గాజు గొట్టం లేదు, బొంగరంలా తిప్పడం కూడా లేదు.

మామూలు అయస్కాంతాలతో ఇది ఎందుకు కుదరదో ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే లెక్క కట్టి చెప్పాడు. అయస్కాంతాలను ఎన్ని రకాలుగా పేర్చినా వాటి మధ్య ఇంకోటి కదలకుండా తేలదు, ఏదో ఒక వైపు జారిపోతుంది. ఇనుముదీ అదే కథ. గుండు కాయిల్‌కి కాస్త దగ్గరైతే లాగుడు పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఇంకా దగ్గరవుతుంది, చివరికి టక్కున అతుక్కుంటుంది. కాస్త దూరమైతే లాగుడు తగ్గి పడిపోతుంది. బరువుకీ లాగుడుకీ సరిగ్గా సరిపోయే చోటు ఒకటి ఉంటుంది. ఉంటుంది కానీ గుండు అక్కడ ఆగదు.

కాబట్టి ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. దగ్గరైతే కరెంటు తగ్గించాలి, జారితే పెంచాలి. మన చేతిలో అయ్యే పని కాదిది. కరెంటు తీసేస్తే గుండు మొదటి మిల్లీమీటరు పడడానికి 14 మిల్లీసెకన్లు చాలు. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనకు దాదాపు 200 కావాలి.

కనిపెట్టుకుని ఉండే పని వెలుతురుకి అప్పజెప్పాను. ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, దానికి ఎదురుగా ఫొటోట్రాన్సిస్టర్ (పడే వెలుతురును బట్టి కరెంటును వదిలే సెన్సర్). గుండు పైఅంచు ఆ వెలుగుకి సగం అడ్డంగా ఉంటుంది. లేస్తే నీడ పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. హాల్ సెన్సర్ (అయస్కాంత బలాన్ని కొలిచేది) పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు. కానీ పక్కనే కాయిల్ ఉంది, అదీ అయస్కాంతమే. సెన్సర్‌కి తగిలేదాంట్లో కాయిల్ వాటా ఎంతో, గుండు వాటా ఎంతో విడదీసుకోవాలి. పైగా ఉత్త ఇనుప గుండుకి సొంత అయస్కాంతం ఉండదు. వెలుతురుతో ఆ గొడవ లేదు. దాని గొడవలు దానికి ఉన్నాయి, అవి ముందు వస్తాయి.

శనివారం, సికింద్రాబాద్ రాణిగంజ్

ఆదివారం వెళ్తే సగం షట్టర్లు దించే ఉంటాయి, అందుకే శనివారం పొద్దున్నే వెళ్లాను. మోటర్ రివైండింగ్ షాపులో వైండింగ్ వైరు కిలోల లెక్కన అమ్ముతారు, మీటర్లలో అడిగితే నవ్వుతారు.

"ఏ మోటర్‌ది అన్నా? ఎన్ని హెచ్‌పీ?"

"మోటర్ కాదన్నా. రాడ్డు మీద చుట్టాలి. అయస్కాంతం చేస్తున్నా."

"గంతేనా. గేజ్ చెప్పు మరి."

"24. పావుకిలో చాలు."

తూకం వేశాడు. అడక్కుండానే లెదరాయిడ్ పేపరు ముక్క ఒకటి చించి ఇచ్చాడు. "కాగితం లేకుంట చుట్టకు. ఎనామిల్ గీసుకపోతే లోపల్నే షార్టయితది, నీకు ఎరుక గూడ గాదు." ఆ మాటకి విలువ కట్టలేను. పైసలు మాత్రం తీసుకోలేదు.

24 గేజే (గేజ్ అంటే తీగ మందం నంబరు) ఎందుకంటే, 12 వోల్టుల సప్లైకి అది సరిపడుతుంది. ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంటుంది: చుట్లు ఎన్ని ఎక్కువైతే అయస్కాంతం అంత బలం అని. వోల్టేజీ మారకపోతే అది నిజం కాదు. అదే తీగతో చుట్లు రెట్టింపు చేస్తే తీగ పొడవూ రెట్టింపు, రెసిస్టెన్సూ రెట్టింపు, కరెంటు సగం. చుట్లనూ కరెంటునూ గుణిస్తే వచ్చేది మళ్లీ పాత సంఖ్యే. బలాన్ని తేల్చేది తీగ మందం. చుట్లు పెంచితే కలిసొచ్చేది కరెంటు తగ్గడం, వేడి తగ్గడం. ఆ రెండూ నాకు కావాలి కనుక వెయ్యి చుట్లు అనుకున్నాను. 10 మి.మీ. బోల్టు, 40 మి.మీ. పొడవు బాబిన్ (తీగ చుట్టే గొట్టం), పొరకి 66 చుట్ల చొప్పున 15 పొరలు. తీగ దాదాపు 66 మీటర్లు, 145 గ్రాముల రాగి, లెక్కలో 4.6 ఓమ్‌లు.

బాబిన్‌ని రాయదుర్గం టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చని ఒక ఫ్రెండ్ అన్నాడు. 2023లో తెరిచిన ఆ కేంద్రం ఉన్నదే ఇలాంటి పనులకి. ఇంత చిన్నదానికి అంత దూరమెందుకని, పెన్ను మందం కాగితపు గొట్టానికి రెండు యాక్రిలిక్ వాషర్లు అతికించి సరిపెట్టాను. బోల్టును డ్రిల్ మిషన్‌కి బిగించి నెమ్మదిగా తిప్పితే చుట్టు పక్కన చుట్టు పడుతుంది. ఎడమ చేతి వేళ్లతో తీగను బిగువుగా పట్టుకోవాలి, వదులైతే పై పొర కింది పొరలోకి దిగిపోతుంది. ప్రతి పొరకీ కాగితం. చివర్లో వార్నిష్. మల్టీమీటర్ 4.8 ఓమ్‌లు చూపించింది, లెక్కకి దగ్గరే.

కోఠి, గుజరాతీ గల్లీ

ఎల్‌ఈడీ, ఫొటోట్రాన్సిస్టర్ రెండూ 940 నానోమీటర్ల జత. సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) ఒకటి. చిల్లర సామాను. మాటలు జరిగింది మాస్ఫెట్ (కాయిల్ కరెంటుకి స్విచ్‌గా వాడేది) దగ్గరే. నేను ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అడిగాను, కుర్రాడు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ తీసి ఇచ్చాడు.

"రెండూ ఒకటే సార్."

ఒకటి కాదు. ఎఫ్ ఉన్నదానికి గేట్ (దాన్ని తెరిచే కాలు) మీద 10 వోల్టులు పడితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఈ లెక్కంతా చేసే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో ఇచ్చేది 5. సగం తెరుచుకుని, కాయిల్‌కి పోవాల్సిన కరెంటులో కొంత తానే వేడిగా మార్చేసుకుంటుంది. ఎల్ ఉన్నది 5 వోల్టులకే పని చేస్తుంది. ఇంకో డబ్బాలో వెతికి ఇచ్చాడు. దీనితో పాటు కాయిల్‌కి అడ్డంగా వేసే డయోడ్ (స్విచ్ ఆగినప్పుడు కాయిల్ కరెంటుకి దారి ఇచ్చేది) 1ఎన్5822 తీసుకోవాలి. అందరి ఇళ్లలో ఉండే 1ఎన్4007 ఇక్కడ పనికిరాదు. అది 50 హెర్ట్జ్ కరెంటు కోసం పుట్టింది, సెకనుకి వేల సార్లు ఆరి వెలిగే చోట దానికి ఊపిరాడదు.

నీడ కొలత

మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. చాలామంది హడావిడిగా దాటేసేదీ ఇదే.

ముందు ఎల్‌ఈడీ వెలుగుతోందా లేదా? కంటికి కనిపించదు. ఫోన్ కెమెరాతో చూస్తే లేత ఊదా చుక్క కనిపిస్తుంది (వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడండి). తర్వాత కొలత. గుండును మిల్లీమీటరులో పావు వంతు చొప్పున పైకి లేపుతూ వోల్టేజీ రాసుకోవాలి. దీనికి మైక్రోమీటర్ అక్కర్లేదు. మామూలు 6 మి.మీ. బోల్టు మరకు ఒక చుట్టుకి సరిగ్గా ఒక మిల్లీమీటరు. బల్లకి నట్టు అతికించి, బోల్టు తల మీద గుండును మైనంతో నిలిపి, పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు.

రాసుకున్న అంకెల్ని గీస్తే మొదట వంకర గీత వచ్చింది. మధ్యలో నిటారుగా, రెండు చివర్లా బద్ధకంగా. కారణం వెలుగు గుండ్రంగా ఉండడం. గుండు అంచు ఆ గుండ్రానికి పైన, కింద కొంచెమే కప్పుతుంది, మధ్యలో ఎక్కువ కప్పుతుంది. ఫొటోట్రాన్సిస్టర్ ముందు నిలువు చీలిక పెడితే ఆ గొడవ తీరుతుంది. రెండు బ్లేడు ముక్కల మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉంచి అతికించాను. ఇప్పుడు రెండున్నర మిల్లీమీటర్ల మేర గీత దాదాపు తిన్నగా ఉంది: 0.6 వోల్టుల నుంచి 3.6 దాకా, అంటే మిల్లీమీటరుకి 1.2 వోల్టులు. ఆర్డుయినో కొలతలో ఒక అంకె అంటే 4.9 మిల్లీవోల్టులు. అంటే గుండు 4 మైక్రాన్లు కదిలినా దానికి తెలుస్తుంది. వెంట్రుక మందంలో పదో వంతు కన్నా తక్కువ. రెండు పదుల రూపాయల సామానుతో వచ్చిన కొలత ఇది.

టకటక

ముందు దూరానికి తగ్గట్టు కరెంటు పెంచి తగ్గించే లెక్క మాత్రమే రాసి ఆన్ చేశాను. 12 మి.మీ. బేరింగ్ గుండు, 7 గ్రాములు. చేత్తో కింద నుంచి తీసుకెళ్తే వేలికి లాగుడు తగిలింది, వదిలాను. టకటకటకా అని కుట్టు మిషన్‌లా మోగి బోల్టుకి అతుక్కుంది.

కారణం కాయిల్ బద్ధకం. వోల్టేజీ మారినంత మాత్రాన కరెంటు మారదు, కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా గుండు ముందుకి పోయి ఉంటుంది. పైకి పోతున్నదాన్ని ఆలస్యంగా వదులుతాం, కిందికి వస్తున్నదాన్ని ఆలస్యంగా లాగుతాం, ఊగు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే గుండు ఎక్కడుందన్న ఒక్క లెక్క చాలదు, ఎటు ఎంత వేగంగా పోతోందో కూడా చూడాలి. కంట్రోల్ పుస్తకాల్లో దీన్నే డెరివేటివ్ అంటారు, ఇక్కడ డీ అని పిలుస్తాను. కోడ్‌లో ఉన్నది ఇంతే: ఇప్పటి దూరం, దానికి తోడు 20 మిల్లీసెకన్లలో ఇదే వేగంతో ఇంకెంత దూరం పోతుందో ఆ అంచనా.

చెప్పడానికి ఒక్క వాక్యం, చేయించడానికి చాలా రాత్రులు. కొలతలో ఒక్క అంకె తప్పుగా ఊగితే డీ దాన్ని 20 అంకెలు చేసి కాయిల్‌కి పంపుతుంది. గుండు నిలవకముందే కాయిల్ బుస్సుమంటుంది. ఆర్డుయినో ఊనో ఒక కొలత తీయడానికి వందకు పైగా మైక్రోసెకన్లు తీసుకుంటుంది. లోపలి ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) గడియారాన్ని ఎనిమిది రెట్లు వేగంగా పెడితే ఆ వ్యవధిలోనే ఎనిమిది కొలతలు వస్తాయి, సగటు తీస్తే ఊగు తగ్గుతుంది. ఒక్కో కొలతలో కచ్చితత్వం కాస్త పోతుంది, సగటులో తిరిగొస్తుంది. పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆపి వదులుతూ పెంచి తగ్గించే పద్ధతి) కూడా మార్చాను. మామూలుగా అది 490 హెర్ట్జ్, కాయిల్ తంబూరాలా మోగుతుంది. 9వ పిన్ మీద టైమర్ మార్చి 31 కిలోహెర్ట్జ్ చేస్తే చెవికి అందదు.

ఇంకో చిక్కు బోల్టుతో వచ్చింది. కరెంటు పూర్తిగా తీసేసినా గుండు బోల్టుకి వేలాడుతూనే ఉంది. తల మీద 8.8 అని ఉండే గట్టి బోల్టు అది. గట్టి ఉక్కు ఒకసారి అయస్కాంతమైతే తొందరగా వదలదు. దాని బదులు గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు నుంచి 10 మి.మీ. ఎంఎస్ (మెత్తని ఉక్కు) రాడ్డు ముక్క తెచ్చి, కొన తిన్నగా రుద్ది, స్టవ్ మీద ఎర్రగా కాల్చి బూడిదలో రాత్రంతా చల్లారనిచ్చాను. మెత్తబడిన ఇనుము మాట వింటుంది. పాత బాబిన్‌లోకే దూరింది.

నాలుగు గంటల ఎండ

సీతాఫల్‌మండిలో మా గది కిటికీ పడమటి వైపు. మధ్యాహ్నం దాకా బుద్ధిగా ఉన్న రీడింగు నాలుగు గంటలకి పైకి పోయి కూర్చుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్‌కి కొదవేముంది. సెన్సర్‌కి ఎక్కువ వెలుగు తగిలితే గుండు కింద పడినట్టే అనుకుని కాయిల్‌ని పూర్తిగా తెరిచేస్తుంది: రెండున్నర ఆంపియర్లు, 30 వాట్లు. కాసేపటికి వార్నిష్ వాసన.

కర్టెన్ వేశాను, రీడింగు దిగింది. అయినా ఆర్డుయినో కొలతల్ని గీతగా చూపించే సీరియల్ ప్లాటర్‌లో సన్నని అల ఆడుతూనే ఉంది. లెక్కపెడితే సెకనుకి సరిగ్గా 100. ట్యూబ్‌లైటు ఆర్పినా పోలేదు. చివరికి తేలిందేమిటంటే, అది దేవుడి గూట్లో ఎర్ర జీరో బల్బు. ఫిలమెంట్ బల్బు వెలుతురు కన్నా ఇన్‌ఫ్రారెడ్‌నే ఎక్కువ ఇస్తుంది, 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి వందసార్లు ఎగిసి తగ్గుతుంది.

"అమ్మా, ఆ బల్బు కాసేపు ఆర్పొచ్చా?"

"దేవుడి దగ్గర దీపం ఆర్పి నువ్వు గుండు లేపుతవా? మంచిగున్నదిరా నీ సైన్సు."

బల్బు ఆర్పకుండానే దారి వెతకాల్సి వచ్చింది, అదే మంచిదైంది. ఎల్‌ఈడీని ఎప్పుడూ వెలిగించి ఉంచక, వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి కొలుస్తాం. మొదటిదాంట్లో ఎల్‌ఈడీ, గదిలో వెలుతురు రెండూ ఉంటాయి. రెండోదాంట్లో గది వెలుతురు ఒక్కటే. తీసివేస్తే మిగిలేది మన వెలుగు. మిల్లీసెకనుకి ఒకసారి ఈ తంతు జరగాలి కనుక ఫొటోట్రాన్సిస్టర్ చురుగ్గా ఉండాలి. దానికి వేసిన 10 కే (కిలో ఓమ్‌ల) రెసిస్టర్ తీసి 2.2 కే వేశాను, స్పందన వేగం పెరిగింది. సిగ్నల్ తగ్గిన మేరకు ఎల్‌ఈడీకి కరెంటు పెంచాలి. ఆర్డుయినో పిన్ మీద అంత భారం వేయకుండా మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టాను.

నేరుగా ఎండ కొడితే మాత్రం తీసివేత ఏమీ చేయలేదు, సెన్సర్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. దానికి సెన్సర్ చుట్టూ గొట్టమే మందు. నల్ల ప్లాస్టిక్ చాలనుకోకండి. కంటికి నల్లగా కనిపించేదంతా ఇన్‌ఫ్రారెడ్‌కి నలుపు కాదు. టీవీ రిమోట్ మూతి నల్లగానే ఉంటుంది, దానిలోంచే కదా వెలుగు బయటికి వచ్చేది. అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దాని మీద హీట్‌ష్రింక్ స్లీవ్ వేశాను.

నిలబడింది

నిలబడింది! గుండుకీ రాడ్డు కొనకీ మధ్య 4 మి.మీ., కాయిల్‌లో ఒక ఆంపియర్ అటూ ఇటూ. కింద నుంచి పెన్సిల్‌తో మెల్లగా తట్టితే గుండు ఒక్కసారి వణికి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. అమ్మ వచ్చి బస్సు టికెట్ కాగితాన్ని గుండు కింద అటూ ఇటూ ఆడించి చూసింది, తర్వాత పైనా ఆడించింది. పైన ఆడించినప్పుడు కాగితం వెలుగుకి అడ్డమొచ్చి గుండు బల్ల మీద పడింది. "పోయింది," అంది, కాస్త సంతోషంగానే.

వెంటనే చేర్చిన జాగ్రత్త ఒకటుంది. అర సెకను పాటు నీడ కనిపించకపోతే కాయిల్ ఆఫ్. గుండు పడిపోయాక కూడా పూర్తి కరెంటు లాగుతూ కాలిపోకుండా ఇది కాపాడుతుంది. ఎల్‌ఈడీ వైరు ఊడితే భయం లేదు. అప్పుడు చీకటి కనుక కరెంటు దానంతటదే సున్నా అవుతుంది. గుండు పైఅంచు నీడనే చూడడం వల్ల వచ్చిన లాభం ఇది. కింది అంచును చూసి ఉంటే వ్యవహారం తిరగబడేది.

షాంఘై విమానాశ్రయం నుంచి నడిచే, అయస్కాంతాలతో తేలే రైలుదీ ఇదే కులం. పైకి లాగే అయస్కాంతాలు, సుమారు 10 మి.మీ. ఖాళీ, ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్లు. ఇంజనీరు హెర్మన్ కెంపర్ 1934లో జర్మనీలో పేటెంట్ తీసుకున్నది ఈ ఊహ మీదే. రైలులో సెన్సర్లు వెలుతురువి కావు, ఇండక్టివ్ తరహావి. వాన, దుమ్ము తగిలే చోట మన నీడ లెక్క ఎన్నాళ్లు నిలుస్తుంది!

పింగ్‌పాంగ్ బంతి

4 మి.మీ. ఖాళీ ఇంటికొచ్చిన చుట్టాలకి ఆనదు. అందుకని రెండో దఫా: పింగ్‌పాంగ్ బంతికి చిన్న కన్నం పెట్టి, లోపల పైభాగాన 10 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న నియోడిమియం బిళ్లను ఎంసీల్‌తో అతికించాను. బంతి 2.7 గ్రాములు, బిళ్ల దాదాపు 1.8.

ఇక్కడ ఆట మారుతుంది. కరెంటు లేకపోయినా బిళ్ల తానే రాడ్డును లాక్కుంటుంది. బంతి తేలిక, బిళ్ల బలం ఎక్కువ. దగ్గరికి వస్తే వదిలే ప్రశ్నే లేదు, ఎందుకంటే నా సర్క్యూట్ లాగగలదు కానీ తోయలేదు. రెండు వైపులా కరెంటు పంపే హెచ్-బ్రిడ్జ్ పెట్టాలి, లేదా బంతిని రాడ్డు సొంతంగా లాక్కోలేనంత దూరంలో తేలించాలి. రెండోది చవక. సెన్సర్‌ని కిందికి దించాను. బంతిలో ఎంసీల్ ఇంకొంచెం వేసి బరువు పెంచాను. బరువు పెంచితే తేలించడం సులువవడం వినడానికి వింతే. తేలిక బంతికి సమతూకం మరీ దూరాన దొరుకుతుంది, అక్కడ కాయిల్ మాట బంతికి సరిగ్గా అందదు. బరువు పెరిగితే ఆ చోటు దగ్గరికి వస్తుంది. బిళ్ల ఏ ముఖం పైకి ఉండాలో అతికించే ముందే కాయిల్ ఆన్ చేసి చూసుకోవాలి.

ఖాళీ ఇప్పుడు 20 మి.మీ. దగ్గర. కాయిల్ గోరువెచ్చగా కూడా అవ్వడం లేదు, భారమంతా బిళ్లే మోస్తోంది. కొత్త చిక్కు పక్క ఊగుడు. పైకీ కిందికీ నీడ చూస్తోంది, పక్కకి ఎవరూ చూడడం లేదు. బిళ్ల తనంతట రాడ్డు కిందికే వస్తుంది కానీ వచ్చి ఆగదు, గంట నాలుకలా చాలాసేపు ఊగుతుంది. రాడ్డు కొన చుట్టూ 5 మి.మీ. మందం అల్యూమినియం పళ్లెం బిగించాను. బిళ్ల కదిలినప్పుడు పళ్లెంలో సుడి కరెంట్లు పుట్టి ఆ కదలికకే అడ్డం పడతాయి. ఊగుడు పూర్తిగా పోలేదు, తొందరగా సద్దుమణుగుతోంది.

తర్వాతి పని ఆర్డుయినో తీసేయడం. ఇదే లెక్కను ఒక్క ఎల్‌ఎం358 చిప్ చేయగలదు. డీ కోసం 220 కే రెసిస్టర్‌కి పక్కగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంటే 22 మిల్లీసెకన్లు. కోడ్‌లో కుదిరిన 20కి దగ్గరే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎల్‌ఈడీని ఆర్పి వెలిగించే తంతు అందులో ఉండదు కనుక, గది వెలుతురు ఒక్కటే చూసే రెండో ఫొటోట్రాన్సిస్టర్‌ని పక్కన పెట్టి దాన్ని తీసివేయాలి. జత కలిసే రెండు ఫొటోట్రాన్సిస్టర్లు ఏరుకోవడానికి పదీ పన్నెండు ఒకేసారి కొని కొలవాలి. వచ్చే శనివారం మళ్లీ కోఠి.